గద్దకు పెట్టిన బొట్టు

ఆ ఆదివారం పొద్దున నాకు ముందుగాల వచ్చింది కోపం. భయం తర్వాత వచ్చింది.

కోపం పెద్దాయన మీద. తార్నాకల మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉంటడు ఆయన. రైల్వేల పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన కృష్ణా జిల్లా మనిషి. పాత అమెరికా నాణేలంటే ప్రాణం ఆయనకు. నాకు ఈ పిచ్చి అంటించింది గూడ ఆయనే. అంతకు ముందు వారమే ఆయన దగ్గర ఒక వెండి డాలర్ కొన్న. నూరేండ్లు ఎప్పుడో దాటిన నాణెం. ఒక దిక్కు కిరీటం పెట్టుకున్న ఆడామె మొఖం, ఇంకో దిక్కు రెక్కలు చాపిన గద్ద. ఆ ఆడామె చెంప మీద ఒక గీత లేదు, మరక లేదు. ఆ చెంపను చూసే కొన్న. ఇప్పుడు బాల్కనీల టేబుల్ లైటు కింద పెట్టి, భూతద్దం కంటికి ఆనించి చూస్తే, అదే చెంప మీద, నోటికి కొంచెం పైన నల్లటి మచ్చ.

ఈ పిచ్చి లేనోళ్ళకు మచ్చ అంటే ఏందో చెప్పాలె. పాత అమెరికా నాణేలకు ఒకటి నుంచి డెబ్బై దాక గ్రేడు ఇస్తరు. ఒకటంటే అరిగి అరిగి ఏ నాణెమో గూడ తెల్వనిది. డెబ్బై అంటే నిన్ననే టంకశాల నుంచి ఊడిపడ్డట్టుండేది. బజార్ల చెలామణి కాకుండ సంచులల్లనే ఉండిపోయినవాటికి అరవై నుంచి మొదలైతది. అరవై మూడుకు, అరవై అయిదుకు నడుమ తేడా చెంప మీది ఒక్క గీతల ఉంటది, దానికే ధరలు ఎక్కడికో పోతయి. మేము నాణేన్ని అంచుల మీద పట్టుకొని, కింద మెత్తటి తువ్వాల పరుచుకొని, లైటు కింద మెల్లగ వంచుకుంట చూస్తం. భూతద్దం ఒక కంటికే పెడతం. నాది కుడి కన్ను. ఇన్నేండ్ల సంది ఎడమ కన్నుకు ఆ పని చెప్పనే లేదు.

సరే, పెద్దాయన ముసలోడైండు, చూసుకోలేదేమో అని మనసుకు సర్ది చెప్పుకొని డబ్బాల నుంచి ఇంకో డాలర్ తీసిన. అది నా దగ్గర చాన ఏండ్ల సంది ఉన్నది. దాని మీది ప్రతి గీత నాకు నోటికొచ్చు. దాని చెంప మీద గూడ మచ్చ. నోటికి కొంచెం పైన. మూడోది తీసిన, దాని మీద గూడ అక్కడనే. నాణేన్ని తలకిందులుగ తిప్పిన. ఆడామె తలకిందులైంది గని మచ్చ కదలలేదు. గద్ద దిక్కు తిప్పితే గద్ద రొమ్ము మీద కూసున్నది. భూతద్దం పక్కకు పెట్టి, ఎడమ కన్ను మూసి, బాల్కనీ గోడను చూసిన. తెల్లగ సున్నం కొట్టిన గోడ మీద అదే మచ్చ, నేను ఎటు చూస్తే అటు వస్తున్నది.

మచ్చ నాణేల మీద లేదు. నా కంట్ల ఉన్నది.

రెండు కండ్లు తెరిస్తే ఏం లేదు, లోకం మామూలుగనే ఉన్నది. ఎడమ కన్ను కుడిదాని తప్పును కప్పి పెడుతున్నది. ఎన్ని దినాల సంది కప్పుతున్నదో తెల్వదు. లోపట నుంచి మా ఆయన చాయ్ పెట్టాల్నా అని అడిగిండు. పెట్టుమన్న. నా గొంతు మామూలుగనే వచ్చింది. అట్ల మామూలుగ వచ్చినందుకు నాకు ఇంకింత భయమైంది.

మచ్చను చూసి ఇంత భయమెందుకంటే, మా అమ్మకు షుగర్ ఉండె. నాకూ ఉన్నది. అమ్మకు ఆ షుగర్‌తోనే కండ్లు పోయినయి. ఆఖరికి ఆమెకు వెలుగు ఏడ ఉన్నదో మాత్రం తెలిసేది, అన్నం పళ్ళెం ఏడ ఉన్నదో తెలిసేది కాదు. కూర ఏందో వాసన చూసి చెప్పేది. మనిషి వస్తే అడుగుల చప్పుడు విని చెప్పేది. మేం మెచ్చుకునేటోళ్ళం గూడ. ఆ మెప్పును ఆమె ఎట్ల ఓర్చుకున్నదో.

నాణేల సంగతి గూడ అమ్మ నుంచే మొదలైంది. మేము సీతాఫల్‌మండిల ఉండేది. నాయన యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌ల వంట చేసేటోడు. చదువు పని మీద వచ్చిన ఒక అమెరికా ఆయన అక్కడ చాన రోజులు ఉండి, నాయన చేసిన మామిడికాయ పప్పుకు అలవాటు పడి, పోయేనాడు చేతుల ఒక వెండి డాలర్ పెట్టిపోయిండట. నాయన తెచ్చి అమ్మకిచ్చిండు. అమ్మ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, కిరీటం ఉన్నది, మొఖంల కళ ఉన్నది, వెండిది, లక్ష్మి గాక ఇంకెవ్వరు అని తీర్పు చెప్పి దేవుని గూట్ల పెట్టేసింది. ఇంట్ల ఆమె పేరు అమెరికా అమ్మవారు. ఏటా ధనత్రయోదశి నాడు ఇంట్ల ఉన్న వెండి అంత, అంటే ఒక కుంకుమ భరిణె, నా చిన్నప్పటి పట్టీలు, ఈ డాలరు, చింతపండుతోని రుద్ది రుద్ది కడిగేది. కడిగి పసుపు బట్ట మీద పెట్టి, అమ్మవారి నుదుట బొట్టు పెట్టి దండం పెట్టుకునేది.

తర్వాత నేను చదువుకున్న, అదే క్యాంపస్‌ల కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగంల చేరిన. పెద్దాయన పరిచయమైనంక తెలిసింది, అమ్మ చేసిన పని ఏందో. వెండి మీద ఏండ్లకేండ్లుగ పట్టే సన్నటి పొరనే నాణేనికి చర్మం. చింతపండు పులుపు ఆ చర్మాన్ని తినేస్తది. కడిగిన నాణేనికి గ్రేడు రాదు, కడిగినదని రాసి పక్కకు పెడతరు. పెద్దాయన అటువంటి దాన్ని మెరిసే శవం అంటడు. అమ్మ పోయినంక ఆ డాలర్ నాకు వచ్చింది. నేను దాన్ని పూజల పెట్టలేదు, ప్లాస్టిక్ కవర్ల పెట్టి మిగిలినవాటితోని డబ్బాల పడేసిన. ఆమె రుద్దుడుకు ఆడామె జుట్టు మడతలు, గద్ద ఈకలు అన్ని నున్నగైనయి. గద్ద రెక్క సందుల ఎర్రగ ఏదో పట్టుకొని ఉన్నది, కుంకుమ అని తెలుస్తనే ఉన్నది. ల్యాబ్‌ల ఏదన్న ద్రావణంల ముంచి తీసేద్దామని ఒకసారి సంచిల వేసుకొని గూడ పోయిన. ఆ రోజు పరీక్షల పని పడి మళ్ళ ఇంటికి తెచ్చిన.

మచ్చ కనబడ్డ ఆదివారం నుంచి నేను ఎవ్వరికి చెప్పలేదు. దవఖానకు పోతే ఏమైతదో నాకు తెలుసు. పోతే పేరు పెడతరు. పేరు పెట్టిన దినం నుంచి అది నా ఇంట్ల మనిషైతది. పోకుంటే ఇంకా అనుమానమే కదా, అనుమానంతోని బతకొచ్చు అనుకున్న. కెమిస్ట్రీ చదివిన, పిల్లలకు కొలిచి చూడండి, ఊహించకండి అని చెప్పుకునే నేను గిట్ల అనుకున్న. భయానికి చదువు గిదువు ఏం తెల్వదు.

పొద్దున లేవంగనే ఎడమ కన్ను మూసి క్యాలెండర్ చూసుడు మొదలైంది. నిన్న కనబడ్డ అంకె ఇయ్యాల కనబడ్తున్నదా లేదా. క్యాంపస్ రోడ్డు మీద నడుసుకుంట, పొద్దున వాకింగ్‌కు వచ్చేటోళ్ళ నడుమ, ఒక కన్ను మూసి బోర్డులు చదివేదాన్ని. ఎవరన్న చూస్తే కంట్ల నలుసు పడ్డట్టు రుద్దుకునేదాన్ని. క్లాసుల బోర్డు మీద సమీకరణం రాసి ఎడమ కన్ను మూస్తే, రాసిన బాణం గుర్తు మాయమయ్యేది, తల కొంచెం తిప్పితే మళ్ళ వచ్చేది. పిల్లలు చూస్తున్నరేమోనని చాక్‌పీసు కింద పడేసి వంగేదాన్ని. తార్నాక చౌరస్తాల రోడ్డు దాటుతుంటే కుడి దిక్కు నుంచి ఒక బండి నా చీర కుచ్చిళ్ళకు తగిలినంత దగ్గరికొచ్చి ఆగింది. బండి పిలగాడు ఏందమ్మా కనబడ్తలేదా అని అరిచిండు. కోపంల అందరికి అనే మాటనే, ఎవరికైనా అంటరు. నేను మెట్రో పిల్లర్ పట్టుకొని చాన సేపు నిలబడ్డ.

మా ఆయన లాలాగూడ వర్క్‌షాప్ ఆఫీసుల చేస్తడు. నవ్వులాట మనిషి. ఇంట్ల మొగని చొక్కాకు ఇస్త్రీ లేదు గని అమెరికా బిళ్ళలకు పరుపులు, దుప్పట్లు అని ఎక్కిరిస్తుంటడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని నేను జవాబిస్త. ఆ దినాలల్ల ఆయన ఎక్కిరిస్తే నేను డబ్బా మూసి లోపటికి పోయేదాన్ని. ఏంది, మీ అమెరికా ఆమెతోని కొట్లాట అయిందా అని అడిగిండు. తలనొప్పి అన్న. ఇంట్ల తిరుగుతనే ఉన్న గని, దొంగకు తేలు కుట్టినట్టే ఉన్నది నా పని.

అంతల పెద్దాయన ఫోన్ చేసిండు. నేను ఏండ్ల సంది అడుగుతున్న డాలర్ వచ్చిందన్నడు. అమెరికా ఎడారిల ఒక చిన్న ఊరి టంకశాల కొద్ది కాలమే నడిచి మూతబడ్డది. అక్కడ కొట్టిన డాలర్లకు గద్ద తోక కింద రెండు చిన్న అక్షరాలుంటయి. అవి ఉన్నందుకే ధర. అందుకే మామూలు డాలర్ మీద ఆ అక్షరాలు అతికించి అమ్మే దొంగలు గూడ ఉన్నరు. అక్షరం చుట్టు అతుకు గీత ఉన్నదా, వెండి ఒక్కటే తీరుగ పారిందా అన్నది చూసి చెప్పాలె. చూడకుంట కొనేది గాదు.

పోయిన. పోకుంటే అనుమానమొస్తది. ఆయన ఇంట్ల మేడ మీద గది ఉన్నది, కిటికీ పక్కన బల్ల, బల్ల మీద పచ్చటి గుడ్డ. వాళ్ళింటామె నాకు మజ్జిగ తెచ్చి పెట్టి పోయింది. పెద్దాయన నాణేన్ని పళ్ళెంల పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టి నా ముందరికి జరిపిండు. నేను అంచులు పట్టుకొని పైకెత్తిన. కుడి కంటికి భూతద్దం పెట్టిన. తోక కింద అక్షరాలుండే జాగల మచ్చ. కొంచెం పక్కకు చూస్తే మచ్చ జరిగింది గని అక్షరాలు నీళ్ళల్ల పడ్డట్టు వంకర పోయినయి. ఒకటున్నదా రెండున్నయా తెల్వదు. నేను ఇన్నేండ్లు ఎదురుచూసిన నాణెం నా చేతుల ఉన్నది, నాకు కనబడ్తలేదు. తెల్వకుండనే భూతద్దం ఎడమ కంటికి మార్చిన.

"ఏమ్మా, ఎడం కంటితో చూస్తున్నావు?" అన్నడు పెద్దాయన.

ఏం లేదండి, కుడి కంటికి కలక వచ్చినట్టున్నది అన్న. ఆయన తన భూతద్దాన్ని మెల్లగ తన దిక్కు జరుపుకున్నడు, కలక అంటుకుంటదని. ఎడమ కన్నుకు అలవాటు లేదు, అది అన్ని బాగనే ఉన్నయని చెప్తది, దాని మాట ఎట్ల నమ్మాలె. అక్షరాల చుట్టు అతుకు ఉన్నట్టే అనిపించింది, లేనట్టే అనిపించింది. నాకు నచ్చలేదండి అని నాణేన్ని పళ్ళెంల పెట్టేసిన. ఆయన నా మొఖం దిక్కు చూసిండు. ఆ నాణెం సంగతి నేను అడగని పండుగ లేదు. నీ కన్ను బాగయ్యాక మళ్ళీ వచ్చి చూడమ్మా, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వను అన్నడు. మెట్లు దిగుతుంటే ఒక్కొక్క మెట్టు కాలుతోని తడిమి తడిమి దిగిన. అమ్మ గూడ గిట్లనే దిగేది.

ఇంటికొచ్చే వరకు సాయంత్రమైంది. మా ఆయన ఇంకా రాలేదు. నేరుగ బాల్కనీల కూసుండి డబ్బా తెరిచిన. మళ్ళ చూసుకోవాలనిపించింది, ఇంకా ఎంత మిగిలిందో అని. చేతికి అందింది అమ్మ డాలర్. కవర్ల నుంచి తీసి గద్ద దిక్కు లైటు కింద పెట్టిన. నడుమ నల్ల మచ్చ, దాన్ని నేను ఎరుగుదును. దాని పక్కనే రెక్క సందుల ఎర్ర మరక. నాణేన్ని తిప్పిన. నల్ల మచ్చ ఉన్న చోటనే ఉన్నది. ఎర్రది నాణెంతోని తిరిగింది.

అంటే ఆ ఎర్రది నిజంగ నాణెం మీద ఉన్నది. అది గద్ద మీద ఎందుకున్నది అన్న ప్రశ్న ఇన్నేండ్లల్ల నాకు రాలేదు. బొట్టు అమ్మవారికి కదా పెట్టేది.

అప్పుడు యాదికొచ్చింది. సీతాఫల్‌మండి ఇంట్ల ఒక ధనత్రయోదశి. నేను, మా ఆయన, తమ్ముడు, మరదలు అందరం ఉన్నం. అమ్మ చింతపండుతోని వెండి కడిగి, పసుపు బట్ట మీద పేర్చి, కుంకుమల వేలు ముంచి, డాలర్ మీద బొట్టు పెట్టింది. తమ్ముడు చూసి పకపక నవ్విండు, అమ్మా, గద్దకు బొట్టు పెట్టినవ్ అని. అమ్మ వేలు గాల్లనే ఆగింది. ఒక్క క్షణమే.

"గద్ద కాదురా, గరుత్మంతుడు. అమ్మవారి ఇంటాయన బండి. ఆయనకు గూడ ఒక బొట్టు ఉండొద్దా?" అన్నది అమ్మ.

అందరం పడి పడి నవ్వినం. అమ్మ మాటకారి అని మరదలు మురిసిపోయింది. నేనైతే ఆ కత క్యాంపస్‌ల తోటి మేడమ్‌లకు గూడ చెప్పిన, మా అమ్మ ఎంత హుషారో అని. ఆ మాట మీద ఆమె ఇంకో ఏడాది పైననే లాక్కొచ్చింది. తర్వాత సీతాఫల్‌మండి స్టేషన్ మెట్ల మీద పడితే దవఖానకు తీసుకపోయినం. కాలు చూపెట్టుదామని పోతే కండ్ల సంగతి బయటపడ్డది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది పోతున్నది, ఇన్ని దినాలు ఏం చేసిన్రు అని డాక్టర్ మమ్మల్ని తిట్టిండు. మాకు చెప్పలేదండి అన్నం. అమ్మ తల వంచుకొని కూసున్నది.

ఎందుకు చెప్పలేదని నేను ఆమె మీద కోపం పెట్టుకున్న. ఇంతమందిమి ఉండంగ, ఒక్క మాట చెప్పొద్దా అని. ఆ కోపం ఆమె పోయినంక గూడ నాల కొంత మిగిలే ఉన్నది. ఇప్పుడు బాల్కనీల కూసుండి ఆ ఎర్ర మరక చూస్తుంటే, గాల్ల ఆగిన ఆ వేలు కనబడ్డది. ఆ ఒక్క క్షణంల ఆమెకు ఏమైందో నాకు తెలిసింది. నాకు ఆదివారం పొద్దున అయిందే ఆమెకు అందరి ముందర అయింది. మేం నవ్వుతున్నం, ఆమె లోపట పై ప్రాణాలు పైననే పోతున్నయి, అయినా గరుత్మంతుణ్ణి తెచ్చి మా చేతుల పెట్టింది. చాక్‌పీసు కింద పడేసుడు, కలక వచ్చిందనుడు, ఆ తెలివి నాకు ఏడికెళ్ళి వచ్చిందా అనుకుంటున్న. అమ్మ దగ్గరికెళ్ళే వచ్చింది.

ఏడ్చిన. ఏడుస్తుంటే గూడ ఏడుపుతోని కంటికి ఏమన్న అయితదేమోనని భయపడ్డ.

మా ఆయన వచ్చి చెప్పులు విడుస్తుండంగనే పిలిచిన. కొత్త డాలర్, పెద్దాయన దగ్గర కొన్నది, ఆయన అరచేతుల పెట్టి ఆడామె దిక్కు తిప్పిన. నాణేలను ముట్టనియ్యని దాన్ని నేనే చేతుల పెట్టేసరికి ఆయన పరేషానైండు. చెంప మీద మచ్చ ఎంతున్నదో చెప్పుమన్న.

ఆయన లైటు కింద పెట్టి చూసిండు. కిటికీ దగ్గరికి పోయి చూసిండు. చొక్కాతోని తుడవబోయి, నేను తిడతనని గుర్తొచ్చి ఆగిండు.

"ఏ మచ్చ? ఏం లేదు. సాఫ్‌గ ఉన్నది," అన్నడు.

నాకు కుడి కంట్ల కనబడ్తున్నది అన్న. అన్నిటి మీద కనబడ్తున్నది, నీ మొఖం మీద గూడ కనబడ్తున్నది అన్న. ఆయన నాణేన్ని టేబుల్ మీద పెట్టిండు, బోర్లనో ఎల్లెలకలనో గూడ చూడలేదు. ఎక్కిరింపు లేదు, తిట్టు లేదు. లేచి మళ్ళ చెప్పులేసుకున్నడు. ఇప్పుడు దవఖాన ఏడ తెరిచి ఉంటది, రేపు పోదాం అని నేనే కూసోబెట్టిన.

తెల్లారి దవఖానకు పోయినం. కండ్లల్ల చుక్కలు వేసి కూసోబెట్టిన్రు. ఆ చుక్కలకు కంటి పాప పెద్దగై లోకమంత పాలు పోసినట్టయితది. నా చుట్టు కూసున్నోళ్ళందరికి షుగరే, అందరూ తల ఎత్తి గోడ దిక్కు చూస్తున్నరు, గోడ మీద ఏం లేదు. ఒకామె పదే పదే పక్కనున్న బిడ్డను పొద్దు గూకిందా అని అడుగుతున్నది. అప్పుడు పట్టపగలు. నేను మా ఆయన చొక్కా చెయ్యి పట్టుకొని విడిచిపెట్టలేదు.

డాక్టరమ్మ చిన్నది, నా దగ్గర చదివే పిల్లల వయసు కంటే కొంచెం పెద్దది. కంటి లోపట పొర మీద నీరు చేరి వాచింది, సన్నగ నెత్తురు గూడ చెమర్చింది అని చెప్పింది. ఎట్ల తెలిసింది మీకు, ఎడమ కన్ను మంచిగున్నంత సేపు చానమందికి తెల్వనే తెల్వదు అని అడిగింది. నాణేలు చూస్తుంటే తెలిసిందన్న. ఆమె నవ్వలేదు. ఇంకొన్ని నెలలు పోతే తాము గూడ ఏం చేయలేకపోయేటోళ్ళమని, ఇప్పుడైతే ఆపొచ్చని, మచ్చ పూర్తిగ పోతదని మాత్రం మాట ఇయ్యలేనని చెప్పింది. కంట్లకే ఇంజెక్షన్ ఇయ్యాలె, నెలకోసారి, ఎన్ని నెలలన్నది చూసి చెప్తామన్నది.

ఏ భయమొచ్చినా మనిషి కండ్లు మూసుకుంటడు. అక్కడ ఆ వీలు లేదు. రెప్పలు మూయకుండ చిన్న క్లిప్పు పెట్టిన్రు. సూది వచ్చేది కనబడది గని వస్తున్నదని తెలుస్తది. మొద్దుబారే మందు వేసిన్రు, నొప్పి లేదు, ఒక ఒత్తిడి, అంతే. తర్వాత కంట్ల నల్లటి బుడగలు తేలినయి. నేను ఆ టేబుల్ మీద పడుకొని దేవుళ్ళ పేర్లు తలుచుకుందామంటే ఒక్క పేరు యాదికి రాలేదు. కిరీటం పెట్టుకున్న ఆడామె మొఖమే వచ్చింది. ఆమెనే మొక్కిన.

ఆ తర్వాత మచ్చ పల్చబడ్డది. పోలేదు. ఇప్పుడు అది పొగ తీరుగ ఉన్నది, దాని వెనుక నుంచి చెంప కనబడ్తది, గీత కనబడదు. పెద్దాయనకు పోయి నిజం చెప్పిన. ఆయన కలక లేదని తెలిసి ముందుగాల తన భూతద్దం నా చేతికిచ్చిండు. ఎడారి ఊరి డాలర్‌ను మేమిద్దరం చూసినం. ఆయన కన్నుతోని ఆయన, నా ఎడమ కన్నుతోని నేను. అతుకు లేదన్నడు ఆయన. నాకు గూడ లేదనిపించింది. అయినా కొననని చెప్పిన, నా కన్నుతోని నేనే చూసి ఒప్పుకునే దినం ఇంకా రాలేదని. ఎడమ కన్నుకు పని నేర్పుతున్న, అది మొండిది, మెల్లగ నేరుస్తున్నది. దాని మీద గూడ ఎప్పుడు మచ్చ పడ్తదో అని ప్రతి పొద్దున భయమే. ఆ భయం ఇప్పుడు మా ఆయనకు గూడ తెలుసు. క్యాలెండర్ ముందర నేను ఒక కన్ను మూసి నిలబడితే, ఆయన పక్కన నిలబడి అంకె చెప్పుమంటడు.

ఈసారి చూపెట్టుకునే తారీఖు ధనత్రయోదశి నాడు పడ్డది. పొద్దున పోతే మధ్యాహ్నమైంది, రెండు కండ్లల్ల చుక్కలు వేసిన్రు. సాయంత్రానికి గూడ చూపు రాలేదు, దీపం చుట్టు దీపాలే. వెండి మా ఆయన తీసి పెట్టిండు. చింతపండు నానబెట్టాల్నా అని అడిగిండు, వద్దన్న. అమ్మ డాలర్‌ను కవర్ల నుంచి తీసి నేనే పసుపు బట్ట మీద పెట్టిన. బొటనవేలుతోని తడిమి చూసిన. నున్నటి చెంప, దాని పైన జుట్టు మడత. అమ్మవారి దిక్కే అని నాకు గట్టి నమ్మకం కలిగింది. కుంకుమల వేలు ముంచి పైకెత్తిన.

ఎత్తి ఆపిన.

"జర చూడు, ఇది అమ్మవారి దిక్కా, గద్ద దిక్కా?"

ఆయన అద్దాలు పెట్టుకొని వంగిండు.

"గద్ద," అన్నడు.

అంత నమ్మకంగ ఉన్న నేను. అమ్మ వేలికి గూడ గంత నమ్మకమే ఉండి ఉంటది. తిప్పి పెట్టుమన్న. ఆయన తిప్పి, నా వేలు పట్టుకొని నుదుటి దాక తెచ్చిండు. అమ్మవారికి బొట్టు పెట్టిన. మళ్ళ తిప్పుమని, అమ్మ పెట్టిన ఎరుపు ఏడ ఉన్నదో చూపెట్టుమని, దాని మీదనే గద్దకు గూడ ఒకటి పెట్టిన.